పదకొండో నెల

ఉదయం తొమ్మిదిన్నర. దక్షిణ కొరియా రాజధాని సియోల్ శివారు. ఆరంతస్తుల భవనం ముందు పసుపురంగు వ్యాన్ ఆగుతుంది. నాలుగేళ్లవాళ్లు, అయిదేళ్లవాళ్లు బిలబిలమంటూ దిగుతారు. వీపున సంచులు, మెడలో నీళ్ల సీసాలు. కింద మందుల షాపు, దాని మీద పళ్ల డాక్టరు, ఆ పైన పియానో క్లాసులు... అవన్నీ దాటి అయిదో అంతస్తుకెళ్తే అక్కడుంటుంది ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్. గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టగానే పిల్లల పేర్లు కూడా మారిపోతాయి. ఇంట్లో అమ్మ పిలిచే కొరియా పేరు బయటే ఉండిపోతుంది. లోపల అందరూ కెవిన్‌లు, జెన్నీలు, డేనియల్‌లే!

వాళ్లకి ఎదురుగా నవ్వుతూ నిలబడి ఉంటుంది ఓ ఇరవై మూడేళ్ల అమ్మాయి. కెనడాలోని చిన్న ఊరు నుంచి వచ్చింది. చరిత్రలో డిగ్రీ చేసింది. చదువు కోసం తీసుకున్న అప్పు తీర్చాలి, కాస్త లోకం చూడాలి అనుకుని విమానం ఎక్కింది. పిల్లలకి ఆమె పేరుతో పనిలేదు, అందరూ 'టీచర్' అనే పిలుస్తారు. రాత్రి రెండింటిదాకా ఆ టీచర్‌కి నిద్రపట్టలేదని, పొద్దున బస్సెక్కుతుంటే కడుపులో తిప్పిందని పిల్లలకి తెలీదు, వాళ్ల అమ్మలకీ తెలీదు. ఆమెకిది తొమ్మిదో నెల. ఒప్పందం పన్నెండు నెలలకి. ఇప్పుడే మానేయాలా... మరో మూణ్నెల్లు పళ్ల బిగువున లాగేయాలా?

ఆమె ఫలానా అమ్మాయి అని వేలు పెట్టి చూపించలేం. ఇంగ్లిష్ చెప్పడానికి తూర్పు ఆసియా దేశాలకు వెళ్లే కుర్రకారు అనుభవాలన్నీ ఒకచోట పోగేస్తే తేలే మనిషి ఆమె. ఉద్యోగంలో చేరడం ఎలాగో వాళ్లకి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉంటారు. మానేయడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు.

విమానాలు ఆగిపోయే పరీక్ష

అసలు నాలుగేళ్ల పిల్లలకి ఇంగ్లిష్ చెప్పడానికి సముద్రాలు దాటించి టీచర్లను తెచ్చుకోవడం ఎందుకు? అది తెలియాలంటే కొరియాలో నవంబరు నెల చూడాలి. విశ్వవిద్యాలయ ప్రవేశాల కోసం దేశమంతటా ఒకేరోజు జరిగే పరీక్ష పేరు 'సునుంగ్'. ఆ రోజు ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు. ఆలస్యమైన పిల్లల్ని పోలీసులు తమ వాహనాల మీద తీసుకెళ్తారు. ఇంగ్లిష్ విని జవాబులు రాసే భాగం జరిగే అరగంటకు పైగా దేశంలో విమానాలు ఎగరవు, దిగవు! ఒక పరీక్ష కోసం ఆకాశాన్ని కూడా నిశ్శబ్దంగా ఉంచే దేశంలో ఆ పరీక్షకు తయారీ ఎప్పుడు మొదలవుతుంది? ఎవరు ముందు మొదలుపెడితే వాళ్లదే పైచేయి అనుకుంటారు తల్లిదండ్రులు. అందుకే అది పద్నాలుగేళ్ల నుంచి పదికి, పది నుంచి ఏడుకి, ఏడు నుంచి నాలుగుకి జారింది.

ఆ ట్యుటోరియల్‌లని కొరియాలో 'హగ్‌వాన్' అంటారు. వాటి మీద ప్రభుత్వాలు కత్తి దూయకపోలేదు. 1980లో అప్పటి సైనిక ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్లని ఏకంగా నిషేధించింది. అది రాజ్యాంగ విరుద్ధమంటూ 2000లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఈలోగా 1997లో ప్రాథమిక పాఠశాలల్లో మూడో తరగతి నుంచి ఇంగ్లిష్‌ని పాఠ్యాంశం చేశారు. ఇంకేముంది, హగ్‌వాన్‌ల పంట పండింది. పిల్లలు అర్ధరాత్రిదాకా అక్కడే ఉంటున్నారని సియోల్‌లో రాత్రి పది తర్వాత క్లాసులు నడపకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. 2024లో కొరియా తల్లిదండ్రులు బడి పిల్లల ప్రైవేటు చదువుల మీద పెట్టిన ఖర్చు 29.2 లక్షల కోట్ల వాన్‌లని ప్రభుత్వమే లెక్క చెప్పింది. మన రూపాయల్లో సుమారు లక్షా ఎనభై వేల కోట్లు! ఆ ఏడాదే బడికి వెళ్లని చిన్నపిల్లల గురించీ మొదటిసారి సర్వే చేస్తే, ఆరేళ్లలోపు వాళ్లలో దాదాపు సగం మంది ఏదో ఒక ప్రైవేటు క్లాసుకి వెళ్తున్నట్టు తేలింది. ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్‌లకైతే నెలకి సగటున 15 లక్షల వాన్‌లకు పైనే ఖర్చు. పేరున్న హగ్‌వాన్‌లో సీటు కోసం పసిపిల్లలు రాసే ప్రవేశపరీక్షలకి 'ఏడేళ్ల పరీక్ష', 'నాలుగేళ్ల పరీక్ష' అనే పేర్లు కూడా వచ్చేశాయి. 2025లో వాటి మీద దేశమంతా పెద్ద చర్చే నడిచింది.

ఇంత డబ్బు పోసిన తల్లి ఊరుకుంటుందా? 'మా అబ్బాయి నెల నుంచి వస్తున్నాడు, ఇంకా వాక్యం మాట్లాడటం లేదేం?' అని అడుగుతుంది. అడిగేది యజమానిని. యజమాని పిలిచేది టీచర్‌ని.

నవ్వడమే ఉద్యోగం

ఒప్పందం మీద చూస్తే ఉద్యోగం బాగానే ఉంటుంది. వారానికి ముప్ఫై గంటల పాఠాలు. నెలకి 20 నుంచి 25 లక్షల వాన్‌లు, అంటే సుమారు లక్షా పాతిక వేల నుంచి లక్షన్నర రూపాయలు. ఉండటానికి ఓ చిన్న గది యజమానే ఇస్తాడు. దూరపు కొండలు నునుపే మరి! దగ్గరికెళ్లాక తెలుస్తుంది... పొద్దున కిండర్‌గార్టెన్ పిల్లలు, మధ్యాహ్నం నుంచి బడి వదిలొచ్చే పెద్ద పిల్లలు. మధ్యలో అన్నం తినేది కూడా పిల్లలతోనే. ఒకడికి ముక్కు తుడవాలి, ఇంకొకడికి జిప్పు పెట్టాలి, ఏడ్చేదాన్ని ఊరడించాలి. అదీ ఆ పిల్లకి రాని భాషలో! సాయంత్రం పిల్లలంతా వెళ్లాక ఒక్కొక్కరి గురించీ ఇంటికి పంపే నివేదిక రాయాలి. 'మీ అమ్మాయి ఈ వారం కాస్త దిగులుగా ఉంది' అని రాస్తే ఒప్పుకోరు. 'మీ అమ్మాయి అద్భుతంగా నేర్చుకుంటోంది' అనే రాయాలి. చాలాచోట్ల తరగతిలో కెమెరా ఉంటుంది. టీచర్ కూర్చుంటే ఎందుకు కూర్చుంది, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదు?

ఈ తరహా కష్టానికి అమెరికా సామాజికవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే ఓ పేరు పెట్టారు. భావోద్వేగాల శ్రమ. విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లని చాలాకాలం గమనించి ఆమె ఆ పుస్తకం రాశారు. మూటలు మోసేవాడు సాయంత్రానికి మూట దించేస్తాడు. నవ్వు మోసేవాళ్లకి దించే చోటుండదు. లోపల ఒకటి, పైకి ఒకటి నెలల తరబడి సాగితే, ఏది తన నవ్వో ఏది ఉద్యోగం నవ్వో తనకే తెలియకుండా పోతుంది.

అలసట వేరు, ఇది వేరు. అలిసిపోతే ఆదివారం పడుకుంటే తీరుతుంది. ఇది సోమవారం గుర్తొస్తే చాలు ఆదివారాన్ని కూడా మింగేస్తుంది. ఇలా ఉద్యోగంలో కాలిపోవడాన్ని ఏళ్లపాటు పరిశీలించిన మనస్తత్వవేత్త క్రిస్టీనా మాస్లాక్ మూడు గుర్తులు చెబుతారు. ఒకటి, ఒంట్లో సత్తువంతా పిండేసినట్టుండటం. రెండు, ఎవరికోసం పనిచేస్తున్నామో వాళ్ల మీదే విసుగు, నిర్లిప్తత. మూడు, 'నేనెందుకూ పనికిరాను' అనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల ఖాతాలో కాకుండా, పనికి సంబంధించిన సమస్యగా తన జాబితాలోకి తీసుకుంది.

మన కెనడా అమ్మాయికి మొదటి గుర్తు ఆరో నెలలోనే కనబడింది. సర్దుకుంది. మూడోదీ వచ్చింది. అదీ ఓర్చుకుంది. రెండోది మాత్రం తొమ్మిదో నెలలో, ఓ బుధవారం బయటపడింది.

కక్కలేక... మింగలేక!

'ఇష్టం లేకపోతే మానేయొచ్చుగా' అనడం తేలిక. ఆమె కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేసింది. ఆ దేశంలో ఇంగ్లిష్ టీచర్‌కిచ్చే వీసా ఆమె చేరిన సంస్థతో ముడిపడి ఉంటుంది. మధ్యలో మానేసి ఇంకోచోట చేరాలంటే పాత యజమాని 'ఈమె వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు' అని ఉత్తరం రాసివ్వాలి. ఇవ్వకపోతే అంతే. ఉంటున్న గది యజమానిదే కాబట్టి ఉద్యోగంతోపాటు గూడూ పోతుంది. విమానం టిక్కెట్టు డబ్బులు వెనక్కి ఇమ్మంటారు. అన్నిటికంటే పెద్దది, ఏడాది పూర్తిచేసి వెళ్లే ఉద్యోగికి అక్కడి చట్టం ప్రకారం ఓ నెల సగటు జీతం అదనంగా రావాలి. 'తేజిక్‌గుమ్' అంటారు దాన్ని. పన్నెండు నెలలకి ఒక్కరోజు తగ్గినా అది రాదు!

అందుకే అక్కడి విదేశీ టీచర్లందరికీ తెలిసిన భయం ఒకటుంది... పదకొండో నెల. ఆ అదనపు జీతం ఇవ్వాల్సి వస్తుందని పదకొండో నెలలో ఏదో వంక పెట్టి పంపించేసే యజమానులున్నారని ఏళ్ల తరబడి ఫిర్యాదులు వినబడుతూనే ఉన్నాయి. అందరూ అలాంటివాళ్లు కారు. టీచర్లని ఇంట్లో మనిషిలా చూసుకుని, వెళ్లేటప్పుడు కన్నీళ్లు పెట్టుకునే యజమానులూ ఉన్నారు. కానీ తనకి దొరికినవాళ్లు ఏ రకమో పదకొండో నెల వచ్చేదాకా తెలీదు.

రాత్రికి రాత్రి...

ఈ లెక్కలన్నీ చూసి విసిగిపోయినవాళ్లు ఎంచుకునే దారి ఒకటుంది. దాని పేరు 'మిడ్‌నైట్ రన్'. జీతం పడిన రోజు రాత్రే పెట్టె సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా విమానం ఎక్కేయడం. తెల్లారి వ్యాన్ ఎప్పట్లాగే వస్తుంది. పిల్లలు బూట్లు విప్పి లోపలికి వస్తారు. టీచర్ ఉండదు.

వాళ్లని తిట్టడం సులువే. జీతాలు ఎగ్గొట్టే చోట, అవమానించే చోట అంతకంటే దారి కనబడక పారిపోయినవాళ్లూ ఉంటారు. అయితే ఆ పరుగు ఖరీదు తక్కువేం కాదు. మళ్లీ ఆ దేశంలో ఉద్యోగం దొరకడం కష్టం. రావాల్సిన బకాయిలు అడిగే వీలుండదు. తోటి టీచర్ల నెత్తిన ఆ క్లాసులన్నీ పడతాయి. ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారిన తరగతిలో నాలుగేళ్ల పిల్లవాడు నాలుగో టీచర్ దగ్గరికి వెళ్లడానికి భయపడతాడు. ఆ భయం ఏ నివేదికలోనూ రాయరు.

ఉద్యోగమే మనల్ని మానేస్తే?

ఓర్చుకున్నవాళ్లకి అంతా మంచే జరుగుతుందా అంటే, అదీ లేదు. జపాన్‌లో ఒకప్పుడు ఇంగ్లిష్ బడుల్లో అతి పెద్దది 'నోవా'. గులాబీరంగు కుందేలు బొమ్మతో టీవీల్లో వచ్చే దాని ప్రకటన తెలియని పిల్లలుండేవారు కాదు. 2007 అక్టోబరులో ఆ కంపెనీ అప్పుల్లో మునిగి కోర్టుకెక్కింది. విదేశీ టీచర్లు సుమారు నాలుగువేలమంది ఒక్కసారిగా వీధిన పడ్డారు. అప్పటికే జీతాలు ఆగిపోయి ఉన్నాయి. జీతంలోంచి కోసుకున్న అద్దె ఇంటి యజమానులకు చేరక, కొందరికి గదులు ఖాళీ చేయమని నోటీసులొచ్చాయి. 'పాఠం చెబుతాం, భోజనం పెట్టండి' అంటూ టీచర్ల సంఘం ఓ కార్యక్రమమే పెట్టాల్సి వచ్చింది. 2021 జులైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ వ్యాపారం మీద ఆంక్షలు పెట్టి, విదేశాల్లో కూర్చుని తమ పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే టీచర్లని పెట్టుకోకూడదంది. నిన్నటిదాకా ఇంట్లోంచే పాఠాలు చెప్పుకున్న వేలమంది ఉపాధి అలా పోయింది.

అంటే, 'ఇంకో మూణ్నెల్లు ఆగితే' అనే లెక్కలో ఆ మూణ్నెల్లూ మన చేతిలో ఉన్నాయన్న నమ్మకం దాక్కుని ఉంటుంది. అది నిజమూ కావచ్చు, కాకపోనూ వచ్చు.

మనకీ సంబంధం ఉంది

కొరియా హగ్‌వాన్‌లలో చేరాలంటే అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా... ఈ ఏడింటిలో ఏదో ఒక దేశపు పౌరసత్వం ఉండాలి. అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలకి ఆ అర్హత ఉన్నట్టే. ఇక్కడివాళ్లకి మరో దారి ఉంది. 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంలో, తగిన డిగ్రీ, బోధన అర్హత ఉన్న భారతీయులు అక్కడి ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో సహాయ ఇంగ్లిష్ టీచర్లుగా పనిచేసే వీలు కల్పించారు. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మన ఇంటి ఫోనూ అలా మోగొచ్చు. 'అమ్మా, నావల్ల కావట్లేదు' అని అవతలి నుంచి ఓ గొంతు వినబడొచ్చు.

అప్పుడు మనమేమంటాం? 'అంత డబ్బు పోసి పంపితే మధ్యలో వచ్చేస్తావా? నలుగురూ ఏమనుకుంటారు? ఇంకొన్నాళ్లు సర్దుకో' అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ అవతలివాళ్లు అప్పటికే సర్దుకుని సర్దుకుని, ఇక సర్దుకోలేకే ఆ ఫోన్ చేసి ఉంటారు. సలహా కంటే ముందు అడగాల్సినవి మూడుంటాయి. నిద్రపడుతోందా? అన్నం తింటున్నావా? నీ చేతిలో టిక్కెట్టుకి సరిపడా డబ్బుందా? ఈ మూడింటికీ జవాబులు విన్నాక మాట్లాడితే, మనం చెప్పేదీ మారుతుంది.

మానేయడానికీ పద్ధతుంది

ఆ బుధవారం ఏం జరిగిందంటే... డేనియల్ అనే నాలుగేళ్ల పిల్లాడు బల్ల మీద పాలు ఒలకబోశాడు. ఆ వారంలో అది మూడోసారి. ఆమె వాడి చెయ్యి పట్టుకుని గట్టిగా లాగింది. అరిచింది. వాడు ఏడుస్తాడనుకుంది. వాడు ఏడవలేదు. కళ్లనిండా నీళ్లున్నాయి, పెదాలు మాత్రం సాగదీసి నవ్వాడు. 'సారీ, టీచర్' అన్నాడు. అచ్చం ఆమె కెమెరా ముందు నవ్వినట్టే ఉంది ఆ నవ్వు. తొమ్మిది నెలల్లో వాడికి తన దగ్గర అది కూడా వచ్చేసిందని ఆమెకి అర్థమైంది. ఆ రాత్రి మళ్లీ లెక్క వేసింది. నెల జీతం, టిక్కెట్టు డబ్బు ఒకవైపు రాసింది. రెండోవైపు రాసింది ఆ నవ్వు గురించే.

ఆమె పారిపోలేదు. ఒప్పందం తీసి, మానేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలో చూసుకుంది. రెండు నెలలు. అది కాగితం మీద రాసి, తేదీ వేసి, నకలు ఒకటి తన దగ్గర ఉంచుకుని యజమానురాలికి ఇచ్చింది. జీతం చీటీలు, పనిగంటల వివరాలు ముందే ఒకచోట పెట్టుకుంది. 'మధ్యలో మానేస్తే జరిమానా కట్టాలి' అని యజమానురాలు అన్నప్పుడు భయపడలేదు. ఒప్పందం ఉల్లంఘిస్తే ఇంత జరిమానా అని ముందే రాసుకోవడం కొరియా కార్మిక చట్టం ప్రకారం చెల్లదని అప్పటికే తెలుసుకుంది. కార్మికశాఖలో విదేశీయులు కూడా ఫిర్యాదు చేయొచ్చనీ, మానేసిన 14 రోజుల్లోగా జీతం లెక్క తేల్చాలనీ తెలుసుకుంది. జీతంలోంచి కట్టిన పింఛను సొమ్ము అమెరికా, కెనడా లాంటి కొన్ని దేశాలవాళ్లు వెళ్లేటప్పుడు వెనక్కి తీసుకోవచ్చని కూడా కనుక్కుంది. యజమానురాలికి కోపమొచ్చింది. రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు 'కొత్త టీచర్ వచ్చాక వారం రోజులు పిల్లల్ని అలవాటు చేసి వెళ్తావా?' అని అడిగింది. సరేనంది.

రెండు నెలల గడువంటే, సరిగ్గా పదకొండో నెలతో ముగుస్తుంది. 'ఒక్క నెల! ఒక్క నెల ఆగితే ఓ జీతం చేతికొచ్చేది కదా' అన్నారు స్నేహితులు. తల్లి మాత్రం ఫోన్‌లో 'ఏ విమానానికి వస్తున్నావు?' అని అడిగింది.

ఒకసారి వెళ్లే తేదీ ఖాయమయ్యాక ఆమెకి విచిత్రంగా నిద్రపట్టడం మొదలైంది. చివరి వారాల్లో నవ్వొస్తేనే నవ్వింది. డేనియల్ మళ్లీ పాలు ఒలకబోశాడు. ఈసారి ఇద్దరూ కలిసి గుడ్డతో తుడిచారు.

ఆఖరిరోజు పిల్లల్ని కూర్చోబెట్టి, తను రేపట్నుంచి రానని, కొత్త టీచర్ వస్తుందని చిన్న చిన్న మాటల్లో చెప్పింది. చెప్పకుండా మాయమవడం కంటే అది కష్టమైన పనే. కొందరికి అర్థమైంది, కొందరికి కాలేదు. జెన్నీ ఏడ్చింది. డేనియల్ కాసేపు ఆలోచించి, ఆ ఏడాదిలో నేర్చుకున్న ఇంగ్లిషంతా కూడదీసుకుని అడిగాడు.

'టీచర్ గో హోమ్? టీచర్ మామ్ హ్యాపీ?'

తొలిసారి వాడు పూర్తి వాక్యాలు రెండు మాట్లాడాడు. వ్యాకరణం తప్పే. ఆమె దిద్దలేదు.